మల్డ్ వైన్ చేదెక్కింది, ఎగ్‌నాగ్ విరిగింది: క్రిస్మస్ రాత్రికి ఇంట్లో కాక్‌టెయిల్స్ ఎలా?

ప్రశ్న: ఈసారి క్రిస్మస్ ముందురోజు రాత్రి మా ఇంట్లో 14 మందిమి కలుస్తున్నాం. ఎనిమిది మంది మందు తీసుకుంటారు. నలుగురు పెద్దవాళ్లు ముట్టరు. ఇద్దరు పిల్లలు. పోయినేడు కాక్‌టెయిల్స్ బాధ్యత నేనే తీసుకున్నాను. నారింజ ముక్కలు, ఇరవై లవంగాలు వేసి గంటసేపు కాచిన మల్డ్ వైన్ చేదెక్కింది. పాలు, గుడ్డు, రమ్ము కలిపి చేసే ఎగ్‌నాగ్ విరిగింది. విస్కీ, వెర్మూత్ (మూలికలు కలిపిన వైన్) ముందే సీసాలో కలిపి ఫ్రిజ్‌లో పెడితే గొంతు మండేంత ఘాటుగా తయారైంది. రమ్ము, నిమ్మరసం కలిపిన పంచ్ గంట తిరక్కుండా పలచబడి నీళ్లలా అయింది. చివరికి అడిగినవాళ్లకల్లా షేకర్ ఊపుతూ వంటింట్లోనే ఉండిపోయాను. ఎక్కడ తప్పు చేశాను? మందు తీసుకోనివాళ్లకు జ్యూసు డబ్బా తప్ప ఇంకేం ఇవ్వచ్చు? మంచి షేకర్ కొంటే పని తేలికవుతుందా?

సమాధానం: మీరు చెప్పిన నాలుగూ నాలుగు వేరువేరు తప్పుల్లా కనిపిస్తాయి గానీ వాటికి మూలాలు రెండే. మల్డ్ వైన్, ఎగ్‌నాగ్ చెడింది సెగ దగ్గర. విస్కీ సీసా చెడింది నీళ్లు లేక, పంచ్ చెడింది నీళ్లు ఎక్కువై. కాక్‌టెయిల్‌లో నీళ్లు కూడా ఒక దినుసే. మందునూ నిమ్మరసాన్నీ కొలిచినట్టే నీళ్లనూ కొలవాలి. ఇది పట్టుబడితే సగం పని అయినట్టే.

మీరు వంటింట్లో చిక్కుకుపోవడానికి కారణం వేరు. సీసాలు తీసి, కొలిచి, ఊపి, వడగట్టి, షేకర్ కడిగేసరికి ఒక్కో గ్లాసుకు మూడు నిమిషాలు పడుతుంది. ఎనిమిది మందికి ఒక చుట్టు పోసేసరికి 24 నిమిషాలు. అప్పటికి మొదట తీసుకున్నవాళ్ల గ్లాసు ఖాళీ. కాబట్టి ఆ రాత్రి మీరు చేసే పని పోయడం ఒక్కటే ఉండాలి. కలపడం, కాచడం, వడగట్టడం అన్నీ అతిథులు రాకముందే అయిపోవాలి. కింద చెప్పినవన్నీ అలా ముందే చేసి ఉంచుకోగలిగేవే.

ముందుగా మల్డ్ వైన్. చేదు మూడు చోట్ల నుంచి వచ్చి ఉంటుంది. నారింజ తొక్కలో సువాసననిచ్చే నూనె పైనున్న రంగు పొరలోనే ఉంటుంది. దాని కిందున్న తెల్లటి పొర చేదు. ముక్కలుగా కోసి గంటసేపు కాచితే ఆ చేదంతా వైన్‌లోకి దిగుతుంది. రెండోది లవంగాలు. లవంగంలో ఉండే యూజెనాల్ అనే నూనె చాలా ఘాటైనది, నాలుకను కాస్త మొద్దుబారుస్తుంది కూడా. లవంగాలు గిన్నెలో ఉన్నంతసేపూ అది దిగుతూనే ఉంటుంది. మొదటి కప్పు బాగున్నా నాలుగో కప్పు మందులషాపు వాసన కొట్టేది అందుకే. మూడోది వైన్. వగరు ఎక్కువున్న వైన్‌ను వేడిచేస్తే వగరు ఇంకా పైకి తేలుతుంది, ఎంత చక్కెర పోసినా అణగదు. కాబెర్నే సావిన్యోన్ లాంటిది, చెక్క పీపాల్లో చాలాకాలం ఉంచినది దీనికి వద్దు. మెర్లో, గ్రెనాష్ లాంటి మెత్తటి ఎర్ర వైన్ తీసుకోండి. ఖరీదైనది అవసరమే లేదు.

మసాలాను వైన్‌లో కాచకండి, నీళ్లలో కాచండి. 200 మి.లీ. నీళ్లు, 150 గ్రాముల చక్కెర, రెండంగుళాల దాల్చినచెక్క ముక్కలు రెండు, లవంగాలు ఆరు, అనాసపువ్వు ఒకటి, కాస్త నలిపిన ఏలకులు నాలుగు తీసుకోండి. ఒక నారింజ తొక్కను తొక్క తీసే కత్తితో పలచగా, కింద తెలుపు అంటకుండా పట్టీలుగా తీసి వెయ్యండి. సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచండి. చక్కెర కరిగి కాస్త జిగురు వస్తే చాలు, తీగపాకం దాకా పోనక్కర్లేదు. చల్లారాక వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల ముందే చేసి ఉంచుకోవచ్చు. మసాలా అంతా పాకంలో ఉండిపోయింది, లవంగం గిన్నెలో లేదు. ఇక ఎంతసేపు ఉంచినా రుచి మారదు.

ఆ రాత్రి అతిథులు వచ్చే పావుగంట ముందు రెండు 750 మి.లీ. సీసాల వైన్‌ను స్టీలు గిన్నెలో పోసి, పాకంలో ముప్పాతిక వంతు కలిపి, నారింజరసం పిండి, సన్నని సెగ మీద పెట్టండి. పూతలేని అల్యూమినియం గిన్నె వాడకండి, వైన్‌లోని పులుపుకు లోహపు రుచి వస్తుంది. వేడెక్కాక రుచి చూసి మిగతా పాకం అవసరమైతే పొయ్యండి. వేడిలో తీపి ఎక్కువ తెలుస్తుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు చూసిన రుచిని నమ్మకండి.

ఎంత వేడి? 65 నుంచి 70 డిగ్రీల సెల్సియస్. 78 డిగ్రీలు దాటకపోతే ఆల్కహాల్ పోదని చాలామంది అంటారు, అది సరికాదు. 78 డిగ్రీల దగ్గర మరిగేది స్వచ్ఛమైన ఆల్కహాల్. వైన్‌లో ఎక్కువ భాగం నీరే కాబట్టి అది మరగడానికి 90 డిగ్రీలు దాటాలి. కానీ మరగక ముందు నుంచే ఆవిరితోపాటు ఆల్కహాల్, అంతకంటే ముందు సువాసన పోతూ ఉంటాయి. థర్మామీటరు లేకపోతే గిన్నె అంచు చూడండి. ఆవిరి దట్టంగా లేస్తూ, పైభాగం మాత్రం కదలకుండా నిలకడగా ఉండాలి. అంచు వెంట పూసల్లాంటి చిన్న బుడగలు మొదలయ్యాయంటే వేడి మించినట్టే, వెంటనే దించండి.

దించాక స్టౌ మీదే వెచ్చగా ఉంచాలని చూడకండి. మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి ఒంపేసిన థర్మాస్ ఫ్లాస్కులో పోసి బల్ల మీద పెట్టండి. రెండు గంటలు వేడి నిలుస్తుంది, గరిటె అవసరం లేదు, ఎవరికి వారే పోసుకుంటారు. పలచటి వైన్ గ్లాసులో పొయ్యకండి, పగులుతుంది. పిడి ఉన్న కప్పు మేలు. కప్పుకు 150 మి.లీ. లెక్కన పదకొండు, పన్నెండు కప్పులు వస్తాయి.

ఒకవేళ చేదెక్కిపోయింది, వేరే దారి లేదనుకోండి. చేదును బయటికి తియ్యలేరు, పలచన చెయ్యగలరు. మసాలాలన్నీ వడగట్టేసి, ఇంకో అరసీసా వైన్, కొంచెం చక్కెర, రెండు వేళ్లకు వచ్చినంత ఉప్పు కలపండి. ఉప్పు చేదును అణుస్తుంది. ఉప్పదనం తెలియనంత తక్కువ వెయ్యాలి.

ఎగ్‌నాగ్‌కు మరింత ఓపిక కావాలి. చాలా పద్ధతుల్లో పచ్చి గుడ్డే వాడతారు, రమ్ము పోస్తే క్రిములు చస్తాయిలే అనుకుంటారు. ఇంట్లో చేసే ఎగ్‌నాగ్‌లో ఆల్కహాల్ 7 శాతం దాకానే ఉంటుంది, ఆ పని దానివల్ల కాదు. పిల్లలు, పెద్దవయసువాళ్లు ఉన్న ఇంట్లో ఉడికించే పద్ధతే మంచిది. 71 డిగ్రీలు చేరితే పచ్చి గుడ్డులో ఉండగల సాల్మొనెల్లా అనే క్రిమి భయం పోతుంది. 82 డిగ్రీలు దాటితే సొన గడ్డకట్టి విరుగుతుంది. మీరు నిలబడాల్సింది ఈ రెండింటి మధ్య, 75 నుంచి 78 దగ్గర.

ఆరు గుడ్ల పచ్చసొనలు, 120 గ్రాముల చక్కెర, అర లీటరు చిక్కటి పాలు, 250 మి.లీ. ఫ్రెష్ క్రీమ్, చిటికెడు ఉప్పు, 200 మి.లీ. డార్క్ రమ్ము లేదా బ్రాందీ, అరచెంచా జాజికాయ పొడి తీసుకోండి. జాజికాయ అప్పటికప్పుడు సన్నగా తురిమిందే వాడండి, డబ్బాలో పొడికి వాసన సగం పోయి ఉంటుంది. ముందుగా క్రీమ్‌ను పెద్ద గిన్నెలో పోసి, పైన జల్లెడ పెట్టి, అందుబాటులో ఉంచుకోండి. దీని అవసరం తర్వాత తెలుస్తుంది.

పచ్చసొనల్లో చక్కెర వేసి, రంగు తేలి చిక్కబడే దాకా రెండు నిమిషాలు గిలక్కొట్టండి. చక్కెర వేసి గిలక్కొట్టకుండా పక్కన పెట్టేస్తే అది సొనలోని తేమను లాగేసి గట్టి పలుకులు కడుతుంది, అవి తర్వాత కరగవు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో పాలు వేడిచెయ్యండి, అంచున బుడగలు రాగానే దించండి. ఇక్కడే చాలామందికి విరుగుతుంది. వేడి పాలల్లో సొన పొయ్యకూడదు, సొనలో పాలు పొయ్యాలి. అదీ ఒక గరిటెడు సన్నని ధారగా, రెండో చేత్తో గిలక్కొడుతూనే. అలా మూడు గరిటెలు పోసేసరికి సొన కూడా వేడెక్కి ఉంటుంది. అప్పుడు మొత్తాన్నీ పాలగిన్నెలోకి మార్చండి.

ఇక సెగ బాగా తగ్గించి, చెక్క గరిటెతో అడుగూ మూలలూ తగిలేలా ఆపకుండా కలపండి. ఐదారు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత పైనున్న నురుగు మాయమవుతుంది. గరిటె తిప్పుతుంటే అంతదాకా నీళ్లలా జారినది కాస్త బరువుగా కదులుతుంది. గరిటె ఎత్తి వెనకవైపు వేలితో ఒక గీత గీయండి. గీత పక్కకు జారి కలిసిపోతే ఇంకా కావాలి, చెదరకుండా నిలిస్తే అయిపోయింది. ఆ క్షణమే జల్లెడలోంచి చల్లటి క్రీమ్‌లోకి ఒంపెయ్యండి. పొయ్యి ఆపినా గిన్నె వేడికి సొన ఉడుకుతూనే ఉంటుంది. చల్లటి క్రీమ్ ఆ ఉడుకును అక్కడికక్కడ ఆపేస్తుంది, ముందే సిద్ధంగా ఉంచమన్నది ఇందుకే. ఏదైనా సన్నటి పలుకు కట్టి ఉంటే జల్లెడలో ఆగిపోతుంది.

రమ్ము ఇప్పుడే వద్దు. గిన్నెను ఐసునీళ్లలో పెట్టి పూర్తిగా చల్లార్చాక ఉప్పు, జాజికాయ, తర్వాత రమ్ము సన్నని ధారగా, కలుపుతూ పొయ్యండి. వేడిగా ఉన్నప్పుడు గాఢమైన మందు ఒక్కసారిగా తగిలితే పాలలోని, గుడ్డులోని ప్రొటీన్లు ముద్దకడతాయి. మీది పొయ్యి మీద కాకుండా రమ్ము పోశాక విరిగి ఉంటే కారణం ఇదే. నిమ్మరసం, నారింజరసం, వైన్ ఇందులోకి ఏ రూపంలోనూ రాకూడదు. ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు ఉంచాలి. రెండు రోజుల ముందు చేస్తే ఇంకా బాగుంటుంది, రమ్ము పొగరు తగ్గి అన్నీ కలిసిపోతాయి. 120 మి.లీ. కప్పులు తొమ్మిది దాకా వస్తాయి. పిల్లలకూ కావాలంటే రమ్ము కలపక ముందే 300 మి.లీ. వేరే సీసాలోకి తీసి, మిగతాదానికి 135 మి.లీ. రమ్ము మాత్రమే పొయ్యండి. పిల్లల సీసాలో రెండు చుక్కల వెనిల్లా వేస్తే చాలు.

కలుపుతుండగా పలుకు కడుతున్నట్టు కనిపిస్తే తక్షణం దించి మిక్సీలో అర నిమిషం తిప్పండి, తేలికగా విరిగినది కలిసిపోతుంది. అట్టులా ముద్దలు కట్టేస్తే మాత్రం పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే.

విస్కీ, వెర్మూత్ సీసా సంగతి. ఆ రెండూ కలిపి చేసే మాన్‌హటన్‌ను ఐసులో అర నిమిషం తిప్పుతారు కదా. అది చల్లబరచడానికే కాదు, ఆ అర నిమిషంలో ఐసు కరిగి మొత్తానికి దాదాపు పావు వంతు నీళ్లు చేరతాయి. మీ సీసా చల్లబడింది గానీ ఆ నీళ్లు చేరలేదు, గొంతు మండింది అందుకే. ఎనిమిది మందికి ఈ లెక్క పెట్టుకోండి: విస్కీ 360 మి.లీ., తీపి వెర్మూత్ 180 మి.లీ., బిటర్స్ అనే చేదు మూలికల సారం పది విదిలింపులు (సీసాను ఒకసారి విదిలిస్తే పడేంత ఒకటి), మంచినీళ్లు 130 మి.లీ. మొత్తం 670 మి.లీ. అవుతుంది, ఒక 750 మి.లీ. సీసాలో సరిగ్గా పడుతుంది. బిటర్స్‌ను గ్లాసుకు రెండు చొప్పున పదహారు వెయ్యకండి, సీసాలో నిలవున్నకొద్దీ అది పైకొస్తుంది. ముందురోజు కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పోసే గంట ముందు ఫ్రీజర్‌లోకి మార్చండి. రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే, నీళ్లు కలిసినందువల్ల, పలుకులు కడుతుంది. గ్లాసుకు 80 మి.లీ. చొప్పున, ఐసు లేకుండా, చిన్న గ్లాసుల్లో పొయ్యండి. వెర్మూత్ కూడా వైనే. మూత తీసిన సీసా అలమారలో నెలల తరబడి ఉండి ఉంటే ఎంత మంచి విస్కీ పోసినా రుచి రాదు. తీశాక ఫ్రిజ్‌లో ఉంచి నెలలోపు వాడెయ్యాలి.

ఈ పద్ధతి ఐసులో తిప్పే కాక్‌టెయిల్స్‌కు పనికొస్తుంది. నిమ్మరసం ఉన్నవాటిని ముందురోజు కలిపిపెట్టకూడదు. పిండిన రసం పూట గడిచేసరికి తాజాదనం పోగొట్టుకుంటుంది, మర్నాటికి చప్పబడి చిరుచేదు వస్తుంది. మధ్యాహ్నం పిండి సాయంత్రం వాడండి.

పంచ్‌కు ఆ పేరు మన దేశంలో అయిదుకు వాడే పాంచ్ అనే మాట నుంచే వచ్చిందని ఎక్కువమంది చెబుతారు: మందు, చక్కెర, నిమ్మ, నీళ్లు, మసాలా లేదా టీ. 1632లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకరు రాసిన ఉత్తరంలో ఆ మాట కనిపిస్తుంది. పాత కొలత ఒకటి ఇప్పటికీ పనిచేస్తుంది: పులుపు ఒక వంతు, తీపి రెండు, మందు మూడు, పలచన చేసేది నాలుగు. తీపి రెండు వంతులు ఈనాటి నాలుకకు ఎక్కువ, ఒక వంతు చక్కెర చాలు.

దీనికి ప్రాణం నిమ్మతొక్కలో నూనె. తొక్క మందంగా ఉన్న నాలుగు పెద్ద పసుపు నిమ్మకాయలు తీసుకుని రంగు పొర మాత్రమే పట్టీలుగా తీసి, 150 గ్రాముల చక్కెరలో వేసి పప్పుగుత్తితో మెల్లగా నలపండి. మూతపెట్టి ఆరుగంటలు వదిలెయ్యండి. చక్కెర తొక్కలోని నూనెను లాగేసి, తడిసిన ఇసుకలా మారి, అడుగున పసుపుపచ్చటి ద్రవం చేరుతుంది. వేలికి అంటించుకుని వాసన చూస్తే ఈ శ్రమ ఎందుకో మీకే అర్థమవుతుంది, రసం ఎంత పిండినా ఆ పరిమళం రాదు. పలచటి తొక్క ఉండే చిన్న నిమ్మకాయలే దొరికితే వాటి తొక్క వాడకండి, చేదు వస్తుంది. బదులుగా రెండు నారింజల తొక్క తీసుకోండి.

600 మి.లీ. వేడి నీళ్లలో నాలుగు చెంచాల టీ ఆకు వేసి నాలుగే నిమిషాలు ఉంచి వడగట్టి, ఆ వేడి డికాక్షన్‌ను తొక్క-చక్కెర మీద పోసి కరిగించండి. తొక్కలు తీసేసి చల్లార్చండి. 300 మి.లీ. డార్క్ రమ్ము, 150 మి.లీ. బ్రాందీ, చివరగా 150 మి.లీ. నిమ్మరసం. కాయలెన్నో లెక్కపెట్టకండి, రసం కొలవండి. ఒక కాయకూ ఇంకో కాయకూ రసం రెండింతలు తేడా ఉంటుంది. కలిపిన పంచ్‌ను ఫ్రిజ్‌లో మూడు గంటలు బాగా చల్లబరచండి.

మీ పంచ్ పలచబడడానికి అసలు కారణం గోరువెచ్చటి పంచ్‌లో చిన్న ఐసుముక్కలు పొయ్యడమై ఉంటుంది. పంచ్ వేడిగా ఉంటే దాన్ని చల్లబరచడానికే ఐసు కరిగిపోతుంది. పైగా చిన్నముక్కలకు తగిలే ఉపరితలం ఎక్కువ, గబగబా కరుగుతాయి. ఒక లీటరు పట్టే డబ్బాలో నీళ్లు పోసి, ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టి ఒకే దిమ్మగా చెయ్యండి. సగం గడ్డకట్టాక నారింజ చక్రాలు, క్రాన్‌బెర్రీలు వేస్తే అందంగా ఉంటుంది. దిమ్మ బయటికి రావాలంటే డబ్బాను మామూలు నీళ్లలో ముంచండి. వేడినీళ్లు పోస్తే దిమ్మ పగిలి మళ్లీ చిన్నముక్కలే మిగులుతాయి. మొదటి గంటలో పంచ్ కాస్త ఘాటుగా, తర్వాత మెత్తబడుతూ వస్తుంది, అది పంచ్ స్వభావమే. ఐసు కరిగి మరీ పలచబడుతుందనిపిస్తే దిమ్మను ఎత్తి పక్కన పెట్టెయ్యండి, పంచ్ అప్పటికే చల్లగా ఉంటుంది.

బుడగల వైన్‌తో ఏదైనా కావాలంటే పాయిన్‌సెటియా అనే కాక్‌టెయిల్ తేలిక. నారింజ లిక్యూర్ (నారింజ రుచి ఉన్న తియ్యటి మందు) 120 మి.లీ., క్రాన్‌బెర్రీ జ్యూస్ 360 మి.లీ. కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. అడిగినప్పుడు గ్లాసుకు 60 మి.లీ. ఇది పోసి, గ్లాసు వంచి పైన 90 మి.లీ. చల్లటి స్పార్క్లింగ్ వైన్ పొయ్యండి. ఒక సీసా ఎనిమిది గ్లాసులకు వస్తుంది. గరిటె పెట్టి తిప్పనక్కర్లేదు. స్పార్క్లింగ్ వైన్‌ను ముందే జగ్గులో కలిపితే పది నిమిషాల్లో బుడగలు పోతాయి. షేకర్‌లో పోసి ఊపితే మూత ఎగిరిపోతుంది.

మందు ముట్టనివాళ్ల మాటకు వద్దాం. జ్యూసు డబ్బా ఎందుకు చాలదంటే అందులో తీపి తప్ప ఇంకేమీ లేదు. మందు గొంతుకు ఇచ్చే చురుకు, వగరు, బరువు వేరే దినుసుల నుంచి తెచ్చుకోవాలి. చురుకుకు అల్లం, వగరుకు దానిమ్మరసం. ఒక లీటరు ఆపిల్ జ్యూస్, 250 మి.లీ. తియ్యదనం కలపని దానిమ్మరసం, 20 గ్రాముల దంచిన అల్లం, దాల్చినచెక్క ముక్కలు రెండు, లవంగాలు నాలుగు, మిరియాలు ఆరు. సన్నని సెగ మీద పావుగంట కాచి వడగట్టి, దించాక 40 మి.లీ. నిమ్మరసం, చిటికెడు ఉప్పు వెయ్యండి. చక్కెర వద్దు. ఆరుగురికి రెండేసి చిన్న కప్పులు. పిల్లలకు మిరియాలు తగ్గించుకోండి. దీన్నీ మల్డ్ వైన్ పోసినలాంటి కప్పుల్లోనే ఇవ్వండి, కానీ ఫ్లాస్కు వేరే రంగుది పెట్టి పేరు రాసి అంటించండి. రెండూ ఎర్రగా ఆవిరి కక్కుతూ ఉంటాయి, చూపుకు తేడా తెలియదు.

మల్డ్ వైన్ కాచారు కాబట్టి అందులో ఆల్కహాల్ పోయిందని పిల్లలకు ఒక గుక్క ఇచ్చేవాళ్లుంటారు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం పావుగంట సన్నని సెగ మీద ఉడికినా 40 శాతం, గంట ఉడికినా 25 శాతం ఆల్కహాల్ మిగిలే ఉంటుంది. పై పద్ధతిలో అసలు మరిగించమే కాబట్టి దాదాపు అంతా ఉంటుంది. పిల్లలకు, గర్భిణులకు, బండి నడపాల్సినవాళ్లకు అది వద్దు.

ఇప్పుడు అయిదు రకాలు చెప్పాను గానీ అన్నీ ఒకే రాత్రి చెయ్యకండి. స్వచ్ఛమైన ఆల్కహాల్ లెక్కన మల్డ్ వైన్ కప్పులో, పంచ్ కప్పులో దాదాపు 15 మి.లీ. చొప్పున, పాయిన్‌సెటియాలో అంతకు కాస్త ఎక్కువ, మాన్‌హటన్‌లో 20, ఎగ్‌నాగ్‌లో 8 మి.లీ. ఉంటాయి. శరీరం గంటకు సుమారు 10 మి.లీ. వదిలించుకుంటుంది. అయిదూ ఒక్కొక్కటి తాగినవాళ్లకు ఏడెనిమిది గంటలు పడుతుంది. నన్నడిగితే రాగానే మల్డ్ వైన్, భోజనం ముందు పంచ్, చివర్లో తీపికి బదులు ఎగ్‌నాగ్ చిన్న కప్పు. ఇవి చాలు. మాన్‌హటన్ సీసా ఘాటు ఇష్టపడే ఇద్దరు ముగ్గురున్నప్పుడు సగం కొలతతో చేసుకోండి. తినడానికి ఏదైనా మొదటి కప్పుతోనే బల్ల మీదకి రావాలి.

పనుల వరస ఇలా పెట్టుకోండి. మూడు రోజుల ముందు మల్డ్ వైన్ పాకం. రెండు రోజుల ముందు ఎగ్‌నాగ్. ముందురోజు ఐసు దిమ్మ. ఆ రోజు పొద్దున నిమ్మతొక్క నలపడం, మధ్యాహ్నం రసం పిండి పంచ్ కలపడం, సాయంత్రం ఆపిల్-దానిమ్మ కాచి ఫ్లాస్కులో పొయ్యడం. చివరి పావుగంట మల్డ్ వైన్ వేడిచెయ్యడానికి.

అలంకరణ దగ్గర జాగ్రత్త. క్రిస్మస్ బొమ్మల్లో కనిపించే హోలీ ఎర్రపండ్లు విషపూరితం, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. మిసల్‌టో కూడా గ్లాసులో పెట్టేది కాదు. కాక్‌టెయిల్‌కు పాయిన్‌సెటియా అని పేరున్నా ఆ పేరుగల మొక్క ఆకు కూడా వద్దు, పాలు కారి నోరు మండుతుంది. రోజ్‌మేరీ రెమ్మ, నారింజ చక్రం, దాల్చినచెక్క చాలు. పొగలు రావాలని గ్లాసులో డ్రై ఐస్ వెయ్యడం ప్రమాదం, చిన్నముక్క మింగినా లోపల కాలిపోతుంది.

మిగిలిన మల్డ్ వైన్ ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగానే ఉంటుంది. ఎగ్‌నాగ్ మాత్రం బల్ల మీద రెండు గంటలు దాటితే దాచకండి, పారబొయ్యండి. జగ్గు మొత్తం ఒకేసారి తేకుండా సగం సగం తెస్తే వృథా ఉండదు.

ఇక షేకర్. వద్దు, కొనకండి. ఇందులో దేన్నీ ఊపే పని లేదు. ఆ డబ్బుతో వంటకు వాడే థర్మామీటరు ఒకటి, మి.లీ. గీతలున్న కొలతగ్లాసు ఒకటి, మూత గట్టిగా పట్టే లీటరు ఫ్లాస్కులు రెండు తెచ్చుకోండి. మల్డ్ వైన్‌లో మొదటి లీటరు ఒక ఫ్లాస్కులో పోసి, మిగతాది సెగ లేకుండా గిన్నెలోనే ఉంచండి. మొదటిది అయిపోవచ్చాక ఐదు నిమిషాల్లో వేడిచేసి నింపుకోవచ్చు.